మేకుకు మిగిలిన బిళ్ళ

కట్టెలగడ్డ బస్తీ నేడు లేదు. శ్రీరాంపూర్ గనుల ప్రాంతం దాటి గోదావరి వైపు దిగే మట్టిబాటకు ఎడమపక్కన, తుమ్మచెట్ల నడుమ, రెండు వరుసల పెంకుటిళ్ళుగా అది ఉండేది. ఇప్పుడక్కడ ముళ్ళకంచె ఉన్నది. కంచె లోపలి నేల పళ్ళెం వలె పల్లమై, వానలకు నీళ్ళు నిలిచి, ఆ నీళ్ళమీద ఒక వేపచెట్టు కొన మాత్రమే కనబడుతుంది. ఆ ఒడ్డుకు మేకలను కూడా ఎవరూ తోలరు.

ఆ బస్తీ మొదటి వరుసలో, వీధివైపు గదిలో, ముత్తయ్య టీవీ గేము దుకాణం నడిపాడు. ఫోన్ ఉన్న ప్రతివాడూ ఆటలన్నింటినీ జేబులో పెట్టుకొని తిరిగే ఈ కాలంలో కూడా ఆ దుకాణం మూతపడలేదు. అందులో ఉన్నవి ఒక డబ్బా టీవీ, దాని ముందు ఆట పెట్టె, తీగలకు అతుకులు వేసిన రెండు రిమోట్లు, ఒకే ఒక క్యాసెట్. క్యాసెట్ మీది బొమ్మ ఎన్నడో అరిగిపోయింది. మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చిన నడివయసు కార్మికులు సాయంత్రం అక్కడి బల్లమీద కూర్చొని, ఛాయ్ తాగుతూ, ఒకరి తరువాత ఒకరు ఆ ఒక్క ఆటే ఆడేవారు. ఆడి ఓడిపోయేవారు. మరునాడు మళ్ళీ వచ్చేవారు.

ముత్తయ్య పుట్టింది సిరిసిల్లలో, పద్మశాలీల ఇంట. మూతిమీద నూనూగు రాకముందే మరమగ్గం ముందు నిలబడ్డాడు. నేసిన గుడ్డ కడుపు నింపకపోవడం వలన మేనమామ వెంట బొగ్గుగనులకు వచ్చి, భూమన్న అనే టింబర్‌మన్ దగ్గర సహాయకుడుగా చేరాడు. బొగ్గు తవ్విన చోట తలమీది బండ కూలకుండా దుంగలు నిలబెట్టడం టింబర్‌మన్ పని. దుంగకూ బండకూ నడుమ మిగిలిన సందులో చెక్కముక్క దిగగొట్టి బిగిస్తారు. సందు పెరిగితే ఇంకొక చెక్క. భూమన్న పనిలో నేర్పరి, మాటలో మొరటువాడు. చేరిన కొత్తలోనే ముత్తయ్యకు ఒక సంగతి చెప్పాడు.

"బండ బరువు దిగుతుంటె దుంగ కిర్రుకిర్రుమని మాట్లాడుతది తమ్మీ. మాట్లాడినన్ని దినాలు ఫికర్ లేదు. మాట బంద్ అయ్యిందనుకో, చేతుల సుత్తె గూడ చూసుకోకు. ఉరుకు."

గనిలో ఇంకొక కట్టడి ఉండేది. దిగే ప్రతి మనిషికీ నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దానిని ల్యాంప్‌రూంలో మేకుకు తగిలించి, దీపం తీసుకొని దిగుతారు. పైకి వచ్చి, దీపం అప్పగించి, బిళ్ళ తీసుకొంటారు. షిఫ్టు ముగిసిన తరువాత కూడా మేకుకు బిళ్ళ మిగిలి ఉంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. అందుకే ఎంతటి ఆప్తుడైనా ఒకరి బిళ్ళను మరొకరు ముట్టరాదు.

ముత్తయ్య ప్రాణం ఆ కట్టడి వల్లనే నిలిచింది. ఒకనాడు బండ కూలి, అతని ఎడమపాదం దానికింద చిక్కుకొన్నది. దీపం పగిలింది. నోట్లో దుమ్ము నిండి కేక బయటకు రాలేదు. అందరితోపాటు పైకి వచ్చిన భూమన్న తన బిళ్ళ తీసుకొంటూ, పక్క మేకుకు వేలాడుతున్న ముత్తయ్య బిళ్ళను చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. తీసిన బిళ్ళను తిరిగి మేకుకే తగిలించి మళ్ళీ దిగాడు. ముత్తయ్య సగం పాదంతో బతికి బయటపడ్డాడు. గనిపని ఇక చేయలేనని తేలినప్పుడు ఇంటి ముందుగదిలో ఈ దుకాణం పెట్టాడు.

అప్పటికి కొంతకాలం క్రితమే "ఉక్కురెక్కలు" అనే డబ్బింగు సినిమా మంచిర్యాలలో ఆడింది. ఇనుప రెక్కలు తొడిగిన వీరుడొకడు, కింద డొల్లబడి కుంగిపోతున్న ఒక మహానగరంలో నుంచి జనాన్ని ఎత్తుకొనివచ్చి కాపాడే కథ అది. బొగ్గుగనుల జనానికి ఆ సినిమా మరెవరికీ నచ్చనంతగా నచ్చింది. ఆ సినిమానే ఆటగా మార్చిన క్యాసెట్ కరీంనగర్‌లో దొరికితే ముత్తయ్య తెచ్చుకొన్నాడు. బొమ్మలన్నీ గళ్ళు గళ్ళుగా ఉండేవి. వీరుని ముఖం నాలుగు చదరాలు, రెక్కలు రెండు మెట్లవరుసలు. మగ్గం ముందు పెరిగిన ముత్తయ్య కంటికి అది పోగులు లెక్కపెట్టి నేసిన బొమ్మలాగా కనబడి, మొదటి చూపులోనే దగ్గరయింది.

ఆట తేలికయినదే. ఒక ఎత్తయిన మేడ అడుగునుంచి కుంగుతుంటుంది. వీరుడు ఒక్కొక్క అంతస్తుకూ దిగి, ఒక్కొక్క మనిషిని భుజాన వేసుకొని డాబామీదికి చేర్చాలి. అన్నిటికంటె అడుగున, చీకటి గదిలో ఒక మనిషి చెయ్యెత్తి కూర్చొని ఉంటాడు. వాడు బరువైన మనిషి. వాణ్ణి ఎత్తుకొంటే వీరుడు మెల్లగా ఎగురుతాడు. అంతలో పై కప్పు దిగి దారి మూసుకొనిపోతుంది. తక్కినవారందరినీ తెచ్చి వాణ్ణొక్కణ్ణి వదిలివేసినా ఆట గెలిచినట్టే లెక్క. ఊళ్ళలో అందరూ అట్లాగే గెలిచేవారు. కట్టెలగడ్డలో మాత్రం ఎవరూ గెలవలేదు. అక్కడ ప్రతివాడూ ముందు కిందివాని కోసమే దిగేవాడు.

ఒకసారి జమ్మికుంట నుంచి, పత్తియార్డులో పనిచేసే ఒక యువకుడు, తన బావ లక్ష్మణ్ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చాడు. లక్ష్మణ్ గనికార్మికుడు, నోరు ఊరుకోని మనిషి. యువకుడు కూర్చొన్న మొదటి ఆటలోనే గెలిచి, తెరమీద మెరుస్తున్న అక్షరాలను చూపించాడు.

"గెలిచిన కాకా! సూడు, లైట్లు ఎట్ల ఎలుగుతున్నయో!"

"కిందోడు ఏడిరా?" అని భూమన్న అడిగాడు.

"వాణ్ణి ఇడిసిపెట్టాలె కాకా. గదే కిటుకు."

"నీ కిటుకు మన్నుల గలువ. మనిషిని కింద ఇడిసి గెలుసుడేందిరా?" అంటూ భూమన్న లేచి టీవీ ఆర్పివేశాడు.

లక్ష్మణ్ బావమరిది భుజం తట్టి, "గీ బస్తీల గట్ల గెలిస్తె అన్నం బెట్టరు. మళ్ళొక్కసారి ఆడి మంచిగ ఓడిపో. ఛాయ్ నేను తాగిపిస్త," అన్నాడు. అందరూ నవ్వారు. భూమన్న నవ్వలేదు.

దుకాణానికి కూడా ముత్తయ్య ల్యాంప్‌రూం కట్టడినే పెట్టాడు. ఒక పలకకు వరుసగా మేకులు కొట్టి గోడకు తగిలించాడు. లోపలికి వచ్చినవాడు తనదంటూ ఒక బిళ్ళను మేకుకు తగిలించాలి, పోయేటప్పుడు తీసుకొనిపోవాలి. ఒకనిది జర్దాడబ్బీ మూత, ఒకనిది పాత తాళంచెవి. ఉద్యోగ విరమణ తరువాత భూమన్న ఇత్తడి చెంబు అడుగును గుండ్రంగా కోసి, దానిమీద తన పాత నంబరే చెక్కుకొన్నాడు. పలకమీద బిళ్ళ ఉన్నంతసేపు ముత్తయ్య తలుపు మూయడు. మొదట వేడుకగా మొదలైన ఈ పద్ధతి ఏళ్ళు గడిచేకొద్దీ నియమంగా స్థిరపడింది.

భూమన్న ఇల్లు రెండో వరుస చివర, వేపచెట్టు పక్కన ఉండేది. భార్య పోశవ్వ పోయిన తరువాత అతనికి వెనకా ముందూ ఎవరూ లేరు. ఆ వేపచెట్టు, ఆ ఇల్లు, సాయంత్రపు ఆట, అంతే.

రెండేళ్ళ కిందట, ఎడతెరపి లేని వానలు కురిసిన తరువాత, దుకాణంలో టీవీ ఉన్న టేబుల్ ఒకపక్కకు ఒరిగింది. ముత్తయ్య ఒక చెక్కముక్క తెచ్చి కాలికింద దోపాడు. కొన్నాళ్ళకు అది మళ్ళీ ఒరిగింది. ఇంకొక చెక్క దోపాడు. గనిలో పనిచేసిన చెయ్యి సందు కనబడితే చెక్కకోసమే వెదకుతుంది. నేల ఎందుకు దిగుతున్నదని అతడు అప్పుడు అడగలేదు.

అడిగింది అతని భార్య సత్తమ్మ. "ఎన్ని సెక్కలు బెడుతవయ్యా? టేబుల్‌కు పావుకోళ్ళు తొడిగినట్టున్నది. గది మెల్లగ యాత్ర వోతున్నదేమో!"

ఆ మాటకు నవ్వబోయిన ముత్తయ్య నోరు మధ్యలోనే ఆగిపోయింది. ఆ రోజే అతడు బస్తీ అంతా తిరిగి చూశాడు. ఒక ఇంటి గడప విరిగి ఉన్నది. బాయిలో నీళ్ళు తాడుకు అందనంత లోతుకు పోయాయి. మట్టిబాటకు అడ్డంగా వెంట్రుక వంటి పగులొకటి, ఒక తుమ్మచెట్టు మొదలునుంచి ఇంకొక తుమ్మచెట్టు మొదలుదాకా, ఎవరో దారం పట్టి గీసినట్టు సాగి ఉన్నది.

ముత్తయ్య కబురు చేస్తే గనుల ఆఫీసు నుంచి పరికరాలతో మనుషులు వచ్చారు. కొలిచారు. బస్తీ కింద ఏనాడో మూతపడిన పాత గని ఉన్నదనీ, దానిలోకి వాననీరు దిగిందనీ, నేల కుంగుతుందనీ దాచకుండా చెప్పారు. నస్పూర్ వైపు కొత్త కాలనీలో అందరికీ ఇళ్ళు చూపించారు. తొందరగా ఖాళీ చేయండని చేతులు జోడించి చెప్పి పోయారు. జనం ట్రాక్టర్లకు సామాను ఎత్తడం మొదలుపెట్టారు. భూమన్న మాత్రం వేపచెట్టు కింద మంచం వాల్చుకొని కూర్చొని, పోయేవారిని చూసి ముసిముసిగా నవ్వాడు.

ముత్తయ్య వెళ్ళి పక్కన కూర్చొన్నాడు. "అన్నా, జర ఇను. అందరు పోతున్నరు. నీ సామాను నేను ఎక్కిస్త."

"కింద ఏమున్నదో గా మిషిన్లోళ్ళకెరుకనా, నాకెరుకనా? నా ఇంటి కింద పాత గనిల ఉన్నయి నేనే నిలబెట్టిన దుంగలు. నా చేతి దుంగ కూలిందని ఒక్కన్ని జెప్పమను."

"కట్టెలే గదన్నా. ఎన్నేండ్లాయె. నీళ్ళల్ల నానుతున్నయ్."

"పుచ్చింది దుంగ గాదు, నీ గుండె. నేను నిలబెట్టినదాని మీద నేను పండుకోకపోతె ఇంకెవడు పండుకుంటడ్రా?"

అడుగున ఏమున్నదో తెలియనివాడు భయపడి పారిపోతాడు. తన చేతితో నిలబెట్టినవాడు, ఆ చేతిమీది నమ్మకంతోనే కూర్చొనిపోతాడు. గని ప్రాంతపు మనిషి మాత్రమే చేయగల పొరపాటు ఇది. ఎంత చెప్పినా భూమన్న కదలలేదు. బలవంతంగా ఎత్తుకొనిపోవడానికి వచ్చినవారిమీద గొడ్డలి తీశాడు. వారు మళ్ళీ వస్తామని చెప్పి పోయారు.

ముత్తయ్య వేరే ఉపాయం ఆలోచించాడు. టీవీని, ఆట పెట్టెను, మేకుల పలకను అన్నిటికంటె ముందు కొత్త కాలనీకి చేర్చి, అక్కడ ఇంటి ముందుగదిలో దుకాణం తెరిచాడు.

"ఆట కోసం భూమన్న బావ ఇంత దూరం నడిచొస్తడంటవా?" అని సత్తమ్మ అడిగింది.

"అన్నం ఇడుస్తడు గని ఆట ఇడువడు. రోజూ రప్పించుకుంట. ఒకనాడన్న ఈడ్నే పండుకుంటడు."

భూమన్న వచ్చాడు. మొదటిరోజు తిట్టుకొంటూ వచ్చాడు. తరువాత అలవాటుగా వచ్చాడు. మూడుజాముల ఎండ తగ్గిన వెంటనే బయలుదేరి, బిళ్ళ మేకుకు తగిలించి, టీవీ ముందు కూర్చొనేవాడు. కిందివాని కోసం దిగేవాడు, ఓడిపోయేవాడు, "ఇంకొకటి" అనేవాడు. ముత్తయ్య క్యాసెట్ తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టేవాడు. భూమన్న ఓడినంతసేపు ముత్తయ్య మనసు నెమ్మదిగా ఉండేది. ఓడినంతసేపు అతడు ఆ వేపచెట్టు కింద లేడు కదా. కాని పొద్దు దిగుతుండగా, ఎవరెంత బతిమాలినా, బిళ్ళ తీసి మొలతాడుకు కట్టుకొని, దీపాలు తీసివేసిన ఆ ఖాళీ బస్తీకే నడిచిపోయేవాడు.

అక్కడి ముచ్చట్లు నవ్వుతూ చెప్పేవాడు. "ఇయ్యాల నా తలుపు దానంతటదే తెరుసుకున్నది. ముసలోడు వస్తున్నడని మర్యాద నేర్చినట్టున్నది." మరొకరోజు, "మంచం కాడికెల్లి చెంబు దొర్లుకుంట గడపదాక వోయింది. నీళ్ళకు నన్ను లేపొద్దని అదే బయలెల్లింది," అన్నాడు.

లక్ష్మణ్ నవ్వలేక, "కాకా, సప్పుడేమన్న వస్తున్నదా కింద?" అని అడిగాడు.

"ఎందుకు రాదు? రాత్రంత కిర్రుకిర్రు. నా దుంగలు ముచ్చట పెడుతున్నయ్. మాట్లాడినన్ని దినాలు ఫికర్ లేదు బిడ్డా."

ఆ మాట వింటూ ముత్తయ్య క్యాసెట్ ఊదడం మరచిపోయి దాన్ని చేతిలో అట్లాగే పట్టుకొని నిలబడ్డాడు. మాట్లాడటం ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుందని అతనికి తెలుసు. అది చెప్పిన గురువు ఎదురుగానే కూర్చొని ఉన్నాడు.

ఆశ్వయుజ మాసం, మబ్బు పట్టిన ఒక సాయంత్రం. భూమన్న ఎప్పటివలె కిందివాణ్ణి ఎత్తుకొని పైకి వస్తున్నాడు. ఎప్పటివలె కప్పు దిగుతున్నది. తప్పించుకోవాలనే తొందరలో అతని బొటనవేలు జారి, రిమోటు మీద ఎవరూ ఎన్నడూ కలిపి నొక్కని రెండు మీటలు ఒకేసారి నొక్కుకొన్నాయి. తెరమీది వీరుడు ఎగరడం మాని, మోకాలు వంచి, రెక్కలు రెండూ పైకి విప్పి నిలబడ్డాడు. దిగుతున్న కప్పు ఆ రెక్కలమీద ఆగింది.



"దుంగ పెట్టిండు!" అని లక్ష్మణ్ అరిచాడు. "కాకా, రెక్కలోడు దుంగ పెట్టిండు! గిన్నేండ్లు గీ పని వానికి వచ్చని మనకు జెప్పనే లేదు!"

భూమన్న అంతస్తుకొకసారి ఆగుతూ, కప్పును రెక్కలమీద నిలుపుతూ, కిందివాణ్ణి డాబామీదికి తెచ్చి దించాడు. తరువాత తక్కినవారిని ఒక్కొక్కరినే చేర్చాడు. చివరికి తెరమీద డాబా అంచున అందరూ వరుసగా నిలబడ్డారు. చెయ్యెత్తి కూర్చొనే ఆ మనిషి ఇప్పుడు చెయ్యి దించి నిలబడి ఉన్నాడు. కట్టెలగడ్డ వాళ్ళెవరూ ఇన్నేళ్ళలో చూడని బొమ్మ అది.

జనం ఈలలు వేశారు. లక్ష్మణ్ మిఠాయికోసం పరుగెత్తాడు. భూమన్న లేచి, ముత్తయ్య రెండు భుజాలూ పట్టుకొన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సూసినవా? ఆపితే ఆగుతది బండ. నేను ఏమంటి నీకు? ఆపేటోడుండాలె, ఆగుతది."

"గది ఆట అన్నా," అన్నాడు ముత్తయ్య.

"ఆట గాదు. గిది నిజం. ఇంటికాడ గూడ సూడు, పొద్దుగాల్లసంది ఒక్క సప్పుడు లేదు. కుదురుకున్నది. ఇయ్యాల నిమ్మలంగ పండుకుంట." ఇట్లా చెబుతూనే చెప్పులు వేసుకొని, ఎవరికోసమూ నిలవక, పెళ్ళికొడుకు నడకతో వీధి మలుపు తిరిగాడు.

జనం అతని వెంట వీధిలోకి వచ్చి ఎవరి దారిన వారు పోయారు. ముత్తయ్య గదిలోకి తిరిగివచ్చి, తలుపు మూయబోతూ పలకవైపు చూశాడు. ఒక మేకుకు ఇత్తడి బిళ్ళ వేలాడుతున్నది.

భూమన్న బిళ్ళ మరిచిపోవడం అదే మొదటిసారి. పొద్దుగాల్లసంది ఒక్క సప్పుడు లేదు అన్న మాట అప్పుడు ముత్తయ్య చెవిలో మళ్ళీ పలికింది. అది మొదటిసారి విన్నప్పుడు ఈలల మధ్య విన్నాడు. ఇప్పుడు ఖాళీ గదిలో విన్నాడు.

సత్తమ్మ వెనకనుంచి వచ్చి, "బావ మర్చినట్టున్నడు. జేబుల ఏసుకొని పోయి ఇచ్చి రారాదు?" అన్నది.

ముత్తయ్య చెయ్యి బిళ్ళవైపు పోయి, అందుకోకుండానే వెనక్కు వచ్చింది. "నేను దీస్కపోతె ఆడ్నే ఉంటడు. ఆయనే రావాలె. తలుపు తెరిసే ఉంచు," అని చెప్పి, ఉత్త చేతులతో మోపెడ్ తీశాడు.

బస్తీకి ఇంకా దూరం ఉండగానే మోపెడ్ ఆపవలసి వచ్చింది. మునుపు వెంట్రుక వంటిదిగా ఉన్న పగులు ఇప్పుడు అడుగు పెట్టడానికి ఆలోచించవలసినంత వెడల్పుగా ఉన్నది. కుంటికాలితో దాన్ని దాటాడు. ఇళ్ళ తలుపులు తీసిపెట్టినవి తీసిపెట్టినట్టే ఉన్నాయి. చీకటి పడకముందే కూయవలసిన కీచురాళ్ళు కూయడం లేదు. మగ్గాలన్నీ ఒకేసారి ఆగిపోయిన కార్ఖానాలో ఉన్నట్టు చెవులు హోరెత్తాయి.

భూమన్న వేపచెట్టు కింద మంచంమీద కూర్చొని చుట్ట ముట్టించుకొంటున్నాడు.

"అన్నా, బిళ్ళ మర్చిపోయినవ్."

భూమన్న చెయ్యి చటుక్కున మొలతాడుకు పోయింది. ముఖం మారింది. "ఏది, తే."

"తేలే."

"తేలేదా? గింత దూరం కుంటుకుంట వచ్చినోనివి తేకుంట వచ్చినవా? నీకు సోయి ఉన్నదా?"

"ఒకని బిళ్ళ ఇంకొకడు ముడుతడా అన్నా? నువ్వే గద నేర్పినవ్."

"సరె తియ్యి. రేపొచ్చి దీస్కుంట."

"మరి నేను దుకాణం ఎట్ల బంద్ జెయ్యాలె? బిళ్ళ మేకుకున్నది. నువ్వు కిందున్నట్టు. సత్తమ్మ తలుపు తెరిసి కూసున్నది."

భూమన్న బూతులు తిట్టాడు. గెలిచిననాడు కూడా మనిషిని కూర్చోనీయవని తిట్టాడు. తిడుతూనే చుట్ట ఆర్పి చెవిపైన పెట్టుకొన్నాడు. ఇంటికి తాళం వేయబోతే గడియ కొక్కేనికి అందలేదు. గోడ తలుపును వదిలి జరిగి ఉన్నది. దానివైపు ఒక్క క్షణం చూశాడు.

"తాళం ఇడువన్నా. నడు, జల్ది."

ఇద్దరూ నడిచారు. పగులు దగ్గరికి వచ్చేసరికి అది మరింత వెడల్పై, ముత్తయ్య వచ్చేటప్పుడు దాటిన చోట దాటడం అతనికి సాధ్యం కాలేదు. భూమన్న ముందు దాటి, వెనక్కు తిరిగి చెయ్యి చాచి, ఏనాడో ఒకసారి లాగినట్టే అతన్ని లాగాడు. ఇద్దరూ అవతల పడ్డారు.

అప్పుడు వచ్చిన చప్పుడు పెద్దది కాదు. నిండు గోనెబస్తాను ఎవరో జాగ్రత్తగా నేలకు దించినట్టు వచ్చింది. వెనక్కు తిరిగి చూసేసరికి రెండో వరుస ఇళ్ళు ఉన్నచోట ఆకాశం కనబడింది. వేపచెట్టు నిలబడే ఉన్నది, కాని కొన మాత్రమే. ఆ తరువాత దుమ్ము లేచి అదీ కనబడలేదు.

భూమన్న దుమ్మువైపు ఒక అడుగు వేసి ఆగాడు. "నా దుంగలు," అన్నాడు. మళ్ళీ, "నడు. బిళ్ళ దియ్యాలె," అన్నాడు.

కొత్త కాలనీలో తలుపు తెరిచే ఉన్నది. నేల అదిరిన సంగతి అక్కడికి కూడా తెలిసి, సత్తమ్మ గడపలో నిలబడి రెండు చేతులతో నోరు మూసుకొని ఉన్నది. వారిద్దరినీ చూసి పక్కకు జరిగి దారి ఇచ్చింది. భూమన్న లోపలికి పోయి పలక ముందు నిలబడ్డాడు. బిళ్ళవైపు చెయ్యెత్తి, దింపుకొన్నాడు.

"దియ్యి బావా," అన్నది సత్తమ్మ.

"దీసి ఏడికి వోవాలె?"

ఆ బిళ్ళ నేటికీ ఆ మేకుకే ఉన్నది. ముత్తయ్య తన నియమం తప్పలేదు, ఆ దుకాణం తలుపు అప్పటినుంచి మూయలేదు. భూమన్న ఆ ముందుగదిలోనే చాప వేసుకొని ఉంటాడు. ఆట ఆడడు. ఎవరైనా రిమోటు అందిస్తే తల అడ్డంగా ఊపుతాడు. తక్కినవారు ఇప్పుడు రెండు మీటలూ కలిపి నొక్కి, కప్పును రెక్కలమీద ఆపి, కిందివాణ్ణి సులువుగా తెస్తారు. తెచ్చినప్పుడు ఎవరూ ఈలలు వేయరు.

మొన్న, వానలు వెలిసిన తరువాత, ఆట నడుమ క్యాసెట్ కదిలి తెర చెదిరింది. ముత్తయ్య వంగి చూశాడు. టేబుల్ ఒకపక్కకు ఒరిగి ఉన్నది. వేలితో సందు తడిమాడు. ఒక పలుచని చెక్కముక్క తెచ్చి, ఎవరివైపూ చూడకుండా, కాలికింద దోపాడు.

"కొత్త నేల గద మామా, కుదురుకుంటున్నది," అని లక్ష్మణ్ నవ్వాడు. ఎవరూ కలిసి నవ్వకపోయేసరికి అతడూ ఆపివేసి, మూలకు తిరిగాడు. మూలన భూమన్న చాప పక్కకు జరిపి, అరచెయ్యి నేలమీద ఆనించి, తల వంచి ఉన్నాడు.

"కాకా, సప్పుడేమన్న ఇనొస్తున్నదా?"

భూమన్న చాలాసేపు విన్నాడు.

"ఒక్క సప్పుడు లేదు," అన్నాడు.